ముప్పై ఎనిమిదో ఫిర్యాదు

క్రిస్టోఫర్‌లో లోపం ఒక్కటే. తాగడు, పేకాడడు, ఆదివారం అందరికన్నా ముందు చర్చికి వెళ్ళి కుర్చీలు వేస్తాడు. ఆ ఒక్క లోపం ఏమిటంటే, ఆయన ఎప్పుడూ తప్పు చేయడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్క తప్పు చేసి ఉంటే లీదియాకి ఎంత ఊరటగా ఉండేదో! తప్పు చేయని మొగుడితో కాపురమంటే రోజూ ఉప్పు సరిపోయిన కూర తినడమని చాలామంది అనుకుంటారు. కాదు. కూరలో ఉప్పెక్కువైందని మనకు తెలుస్తూనే ఉంటుంది, ఆయనేమో "ముందు నీ నాలుక ఎవరికైనా చూపించుకో" అంటూ ఉంటాడు.

మాదాపూర్‌లో బండలు పేల్చి కొత్తగా లేపిన అద్దాల మేడల్లో ఒకదాంట్లో ఆయన ఉద్యోగం. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండొందల కంప్యూటర్లకు ఆయనే వైద్యుడు. ఏ కంప్యూటర్ మొరాయించినా ఆయన పొడుగాటి రిజిస్టరు తీస్తాడు. అందులో గళ్ళు: తేదీ, ఫిర్యాదు చేసినవారు, సమస్య, కారణం, పరిష్కారం, సంతకం. ఈ రిజిస్టరుకి ఒక నియమం ఉంది, అది ఆయనే పెట్టాడు. సమస్య తీరగానే సరికాదు. కారణమేమిటో ఫిర్యాదు చేసిన మనిషి ఎదుట నిలబడి, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, నోటితో చెప్పాలి. చెప్పాకే సంతకం. సంతకం పడేదాకా ఫిర్యాదు మూతపడదు. ఈ నియమాన్ని మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడని లీదియా ఇప్పటికి ఎన్నోసార్లు విన్నది.

బోరబండలోని రెండు గదుల ఇంట్లోకి కంప్యూటరు వచ్చిన రోజునే ఇంకో పొడుగాటి రిజిస్టరు కూడా వచ్చింది. ముందు పేజీల నుంచి ఫిర్యాదులు, వెనక పేజీల నుంచి ఆయన చేసే మరమ్మతులు, తేదీ టైముతో సహా. పద్ధతంటే పద్ధతే.

ఏడాదిన్నరలో ఫిర్యాదులు ముప్పై ఏడయ్యాయి. కారణం గడిలో ముప్పై ఏడుసార్లూ ఒకటే మాట: వాడేవారి పొరపాటు. వాడేవారంటే ఆ ఇంట్లో లీదియా. కూతురు ఏంజెల్‌కి ఎనిమిదేళ్ళు, దాన్ని ఆదివారం ఒక గంట బొమ్మలు వేసుకోనిస్తారు. నాలుగో ఫిర్యాదు మౌస్ కదలడం లేదని. దాని కింద లేసు గుడ్డ పరిచినందుకు లీదియా సంతకం పెట్టింది. పదకొండోది తెర వణుకుతోందని. అదే సమయంలో మిక్సీలో పచ్చడి రుబ్బినందుకు పెట్టింది. పంతొమ్మిదోదాని దగ్గర మటుకు పెన్ను పట్టుకుని ఆగింది.

"బోరబండలో కరెంటు పోతే అందులో నా పొరపాటేముందండీ?"

"కరెంటు పోయే వేళకు కూర్చోవడం."

పెట్టింది. పెట్టకపోతే అన్నం చల్లారిపోతుంది.

ఇంతకీ లీదియా ఆ కంప్యూటరు ముందు ఏం చేస్తుందంటే, పాటలు కొడుతుంది. గుంటూరులో బి.ఏ. తెలుగు చదివి, ఆ చదువుని ఇన్నాళ్ళూ చాకలి పద్దుకీ చుట్టాల ఉత్తరాలకీ వాడిన మనిషి. ఆ ఏడు వాళ్ళ చర్చి స్త్రీల సమాజం ఒక పాటల పుస్తకం వేయాలనుకుంది. అచ్చు పుస్తకాల్లో ఉన్న పాటలు కావు. ముసలమ్మలు నాట్లు వేస్తూ, విసుర్రాయి తిప్పుతూ, బిడ్డల్ని ఊపుతూ పాడుకున్నవి, ఎవరూ ఎక్కడా రాసిపెట్టనివి. ఆరాధన అయ్యాక లీదియా ఒక్కొక్కరి పక్కన కూర్చుని, పాడించుకుని, చేతికందిన కాయితం మీద రాసుకునేది. క్యాలెండరు వెనక, పప్పు పొట్లం మీద, ఒకసారి పెళ్ళి శుభలేఖ అంచున. అలా అరవై నాలుగు పాటలయ్యాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా మధ్యాహ్నాలు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. ప్రతి పాట కింద పాడినామె పేరు.

కంప్యూటరుకి తెలుగు నేర్పింది ప్రశాంతి. బోరబండ బస్‌స్టాపు దగ్గర శుభలేఖలు కొట్టే షాపు ఆ పిల్లది. క్రిస్టోఫర్ రెండు రోజుల ట్రైనింగుకి బెంగుళూరు వెళ్ళినప్పుడు ఇంటికొచ్చి, నాలుగు ఫ్లాపీల్లోంచి ఏవో ఎక్కించి, ఏ మీట నొక్కితే ఏ అక్షరమో కాయితం మీద గీసిచ్చి పోయింది. క్రిస్టోఫర్ తిరిగొచ్చి తెర చూసి, "ఓహో, తెలుగు వస్తోందే" అన్నాడు. ఎలా వస్తోందని అడగలేదు. ఆయన ఆఫీసులో తెలుగు క్యాంటీను దాటి లోపలికి రాదు, అందుకని ఆయనకి ఆ అవసరం పడలేదు.

అరవై నాలుగో పాట అయిపోయిన రోజున ఆయన ఎంతో సంతోషించి, కాయితాల మూటకేసి చూశాడు. "అన్నీ లోపలికి వెళ్ళాయి కదా. ఇంకా ఈ చెత్తెందుకు? మా ఆఫీసులో కాయితమన్నదే కనపడదు" అని, ఆ శనివారమే పాత పేపర్లవాడికి వేసేశాడు. అయితే న్యాయం న్యాయమే. శుక్రవారం శుక్రవారం ఫ్లాపీలోకి ఒక నకలు తీసుకోవడం నేర్పిందీ ఆయనే. లీదియా ఆ ఫ్లాపీని బైబిలు జిప్పు కవరులో దాచేది. అక్కడైతే ఇంట్లో ఎవరూ కెలకరు.

పుస్తకం డిసెంబరు పంతొమ్మిది ఆదివారం, క్రిస్మసు పాటల ఆరాధనలో విడుదల. పేజీలు సర్దడానికి పదకొండో తారీకుకల్లా ప్రశాంతికి ఇవ్వాలి. పాస్టరుగారు కరపత్రం కూడా వేయించేశారు.

అప్పటికి ఊళ్ళో ఎక్కడ విన్నా వై టూ కే మాటే. డిసెంబరు ముప్పై ఒకటి దాటగానే కంప్యూటర్లకి సంవత్సరం అర్థంకాక ప్రపంచం ఆగిపోతుందట. క్రిస్టోఫర్ ఆఫీసులో రెండొందల కంప్యూటర్లనూ సిద్ధం చేసి, ఆ ఊపులో డిసెంబరు ఐదు ఆదివారం మధ్యాహ్నం ఇంటిదాని మీద పడ్డాడు. కోడికూర తిని, చొక్కా విప్పి, బనీనుతో కూర్చున్నాడు. మిగతా మగవాళ్ళు స్కూటరు కడిగినట్టు ఆయన ప్రతి ఆదివారం కంప్యూటరు కడుగుతాడు. రెండు గంటలు ఏవేవో తీశాడు, పారేశాడు, వెనక పేజీలో రాసుకున్నాడు, ఈల వేశాడు.

"చూడు, ఎంత వేగం పెరిగిందో!"

"వేగంగా ఎక్కడికి వెళ్ళాలండీ మనం?" అంది లీదియా బఠాణీలు వలుస్తూ.

సోమవారం పదకొండింటికి ఆమె కంప్యూటరు తెరిచింది. ఏమీ కొట్టేది లేదు, ఊరికే ఒకసారి చూసుకుందామని. మొదటి పాట తీసింది. తెలుగు లేదు. తెర నిండా విరిగిన ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు, తలకిందులైన ప్రశ్నగుర్తులు, మధ్యలో ఎక్కడో ఒక పౌండు గుర్తు. రెండో పాట తీసింది. అదీ అంతే. అరవై నాలుగూ అంతే. బైబిలు కవరు జిప్పు తీసి ఫ్లాపీ పెట్టి చూసింది. అందులోనూ అవే కొక్కేలు, అవే చుక్కలు.

లేచి వెళ్ళి, పొయ్యి మీద లేని పాలు పొంగాయేమోనని చూసి వచ్చింది.

సాయంత్రం క్రిస్టోఫర్ ఇంట్లో అడుగుపెట్టి, బూట్లయినా విప్పకుండా తెరముందు కూర్చుని, అర నిమిషంలో తీర్పు చెప్పాడు.

"వైరస్."

"వై టూ కేనా?"

"వై టూ కే వేరు, వైరస్ వేరు."

"అదేంటోనండీ, ఈ మధ్య వచ్చే రోగాలన్నీ వైతోనే మొదలవుతున్నాయి."

"నవ్వులాట కాదు లీదియా. ఈ ఫ్లాపీ ఎక్కడెక్కడ తిరిగింది?"

"బైబిలు కవర్లోంచి కదల్లేదు."

"అయినా సరే, దీంట్లోనూ అదే ఉందంటే నీ ఫ్లాపీలోంచే వచ్చింది. పారెయ్. శనివారం నాకు సెలవు, మొత్తం ఫార్మాట్ చేసేస్తాను. తుడిచి కొత్తది చేస్తాను."

"తుడిచేస్తే పాటలు?"

ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది. నిజంగానే బాధపడ్డాడు, పాపం. "పాటలు ఎప్పుడో పోయాయి. అవి ఇప్పుడు పాటలు కావు. కావాలంటే మళ్ళీ రాద్దాం, నేనూ కొడతాను." ఆయన రెండు వేళ్ళతో కొడతాడు. ఆయన పద్ధతిలో ఒక చరణానికి ఒక సాయంత్రం పడుతుంది. రాయడానికైనా కాయితాలెక్కడ? పాడిన ముసలమ్మల్లో సగం మంది పండక్కి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడరు.

"రిజిస్టర్లో ఫిర్యాదు రాయి," అన్నాడు భోజనాల దగ్గర. "ఫిర్యాదు చేసినవాళ్ళే సొంత చేత్తో రాయాలి."

"రాస్తాను," అంది లీదియా. ఫ్లాపీ పారేస్తానని కూడా అంది. అని, మళ్ళీ బైబిలు కవర్లో పెట్టి జిప్పు లాగింది.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి కొమురమ్మ వచ్చింది. మెదక్ దిక్కునుంచి ఎప్పుడో వచ్చి బోరబండలో స్థిరపడిన మనిషి, అరవై దాటాయి. క్రిస్టోఫర్ పనిచేసే మేడలోనే నేలలు తుడిచే పని, పొద్దుటి డ్యూటీ. బస్సు దిగి ఇంటికి పోతూ లీదియా దగ్గర చాయ్ తాగి పోవడం అలవాటు. యాభై రెండో పాట ఆమెది. ఆమెదంటే ఆమె తల్లిది.

"బిడ్డా, నా పాట ఎక్కిందా? పాడింది నేనన్నట్టు నా పేరు పెట్టినవ్ గని, జర మా అమ్మ పేరు గూడ పెట్టు. గామె పాటనే గది. మా అమ్మ పేరు యాడ రాసి లేదు, రేషన్ కార్డుల గూడ లేదు."

లీదియా నిజం చెబుదామనుకుంది. బదులుగా చాయ్ గ్లాసు ఆమె ముందుకు జరిపింది.

"ఒక్కపారి సూపియ్యరాదు నా పాట," అంది కొమురమ్మ, చెంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఇక తప్పదు. లీదియా యాభై రెండోది తీసింది. కొక్కేలు, చుక్కలు, తలకిందులైన ప్రశ్నగుర్తులు. కొమురమ్మ వంగి చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"మస్తుగున్నది బిడ్డా!"

లీదియాకి అప్పుడు తట్టింది. కొమురమ్మకి చదువు రాదు. ఏ అక్షరమైనా ఆమెకి గీతే. తెలుగు ఉన్నప్పుడు ఎలా కనిపించేదో, ఇప్పుడూ అలాగే కనిపిస్తోంది. ప్రపంచంలో ఆ పాట చెడిపోలేదని నమ్మే మనిషి ఈమె ఒక్కతే.

కొమురమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, తెరమీద వేలు పెట్టి, పాస్టరుగారు వాక్యం చదివినట్టు గీత వెంబడి వేలు జరుపుతూ పాట ఎత్తుకుంది.

"తొంబై తొమ్మిదొచ్చినయ్ దొడ్డిలకు, ఒక్క పిల్ల రాకపాయె ఓ కాపరీ..."

పల్లవి అయింది. చరణం పాడింది. ముళ్ళపొదలు, వాన, కాపరి చేతిలో లాంతరు. చరణం అయిపోయి మళ్ళీ పల్లవి ఎత్తుకోగానే ఆమె వేలు ఠక్కున ఆగింది.

"గిది పల్లవే గాదా?"

"ఏది పెద్దమ్మా?"

"గీ గీత సూడు. మీదికెల్లి మొదటి గీత ఎట్లుందో గిదిగూడ గట్లనే ఉన్నది. గీ కొక్కెం, గీ రెండు సుక్కలు, గీ పామసొంటిది. మల్లొచ్చింది. కింద సూడు, ఇగో, ఈడ మల్లొచ్చింది."

లీదియా చూసింది. మొదటి వరస, ఐదో వరస, తొమ్మిదో వరస. కొక్కెం తేడా లేదు, చుక్క తేడా లేదు. నిన్నటినుంచి తను పాతికసార్లు చూసిన తెరే. చదువుకున్నది కాబట్టి చదవబోయింది, చదవలేక వదిలేసింది. చదువురాని ఈమె చూసింది.

గబగబా మూడో పాట తీసింది. పల్లవి ఎక్కడ తిరిగి రావాలో అక్కడ తిరిగొచ్చింది. పదిహేడోది. నలభయ్యోది. అన్నిట్లోనూ అంతే. పల్లవి ఎన్నో వరసలో తిరిగి రావాలో తెలిసిన వైరస్‌ని గురించి లీదియా ఎన్నడూ వినలేదు. ఉంటే దాన్ని స్త్రీల సమాజంలో చేర్చుకోవచ్చు.

"పెద్దమ్మా, ఇంకో చాయ్ తాగుతావా?"

"ఏంది బిడ్డా, గంత నవ్వుతున్నవ్?"

"చక్కెర ఎక్కువేస్తాను."

ఆ సాయంత్రం ఈ సంగతి క్రిస్టోఫర్‌కి చెప్పింది. ఆయన పేపరు దించకుండా విన్నాడు. "మబ్బులకేసి చూస్తే ఏనుగులు కూడా కనిపిస్తాయి లీదియా. నువ్వు అనవసరంగా ఆశ పెట్టుకోకు. శనివారం ఫార్మాట్."

బుధవారం పదింటికి లీదియా బైబిలు సంచీలో పెట్టుకుని బయల్దేరింది. దారిలో ఎదురైన పాస్టరుగారి భార్య, "వారం మధ్యలో కూడా బైబిలు పట్టుకుని! ఎంత భక్తి అమ్మా!" అంది. "ఏదో, ఆయన దయ," అంది లీదియా. ఆయనంటే ఎవరో వివరించలేదు.

ప్రశాంతి షాపులో ఏదో పెళ్ళి శుభలేఖ తెరమీద ఉంది. ఆ పిల్ల దాన్ని పక్కకి జరిపి, ఫ్లాపీ పెట్టి, రెండుసార్లు టకటక నొక్కింది. తెర నిండా తెలుగు. గుండ్రటి, నల్లటి, నిండైన తెలుగు. తొంబై తొమ్మిదొచ్చినయ్ దొడ్డిలకు.

లీదియా బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"ఏమైందక్కా? నీళ్ళు తెప్పించాల్నా?"

"వద్దమ్మా. మా ఇంట్లో ఇవి ఇలా రావడం లేదు. వైరస్ అంటున్నారు మావారు."

"వైరస్ ఏంది? పాటలు బరాబర్ ఉన్నయ్. సూడక్కా, పాట ఒక ఫైల్ల ఉంటది, తెలుగు అక్షరాల రూపం వేరే ఫైళ్ళల్ల ఉంటది. ఆ రెండోది తీసేస్తే పాటకు బట్టలు పోయినట్టే. మనిషి మంచిగనే ఉన్నడు, బయటికి రానీకి మొహం చెల్లుతలేదు, గంతే. నేను మీ మిషన్ల ఎక్కించిన ఫైళ్ళు ఎవరో తీసేసిన్రు."

"ఎలా ఉంటాయమ్మా ఆ ఫైళ్ళు?"

"అన్నిటికీ పూల పేర్లుంటయ్. నలభై ఒకటి ఎక్కించిన."

ఆ ఫైళ్ళు మళ్ళీ ఒక ఫ్లాపీలో పెట్టిచ్చింది. పాటలన్నీ తన దగ్గర దింపుకుని, ఆ రోజు నుంచే పేజీలు సర్దుతానంది. కొమురమ్మ తల్లి పేరు అడిగి పాట కింద చేర్చింది. ఈశ్వరమ్మ.

ఇల్లు చేరిన లీదియా గడపలోనే చెప్పులు వదిలి, నేరుగా రిజిస్టరు తీసి, వెనక పేజీలు తిప్పింది. ముత్యాల్లాంటి చేతిరాత.

"5-12-99, ఆదివారం, మ. 3.10. వై టూ కే సంసిద్ధత. పూల పేర్లతో ఉన్న అనవసరపు ఫైళ్ళు 41 తీసివేత. ఏంజెల్ ఆటలు కాబోలు. వేగం మెరుగు."

లీదియా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని కుక్కరు మూత ఒకటి కింద పడేసి, మళ్ళీ నవ్వింది. కావాలంటే అప్పుడే ఆ ఫైళ్ళు ఎక్కించేసి, సాయంత్రానికి కంప్యూటరు బాగుచేసి కూర్చోవచ్చు. కానీ పదకొండేళ్ళు ఎదురుచూసిన వస్తువుని ఎవరైనా దారిలోనే విప్పేస్తారా? రిజిస్టరు ముందుకు తిప్పింది. కొత్త వరస మీద సొంత చేత్తో రాసింది.

ముప్పై ఎనిమిది. సమస్య: పాటలు కనిపించడం లేదు. ఫిర్యాదు చేసినవారు: కొమురమ్మ.

కారణం గడి ఖాళీగా వదిలేసింది.

శనివారం పొద్దున్న క్రిస్టోఫర్ స్నానం చేసి, తల దువ్వుకుని, ఆపరేషనుకి వెళ్ళే డాక్టరులా వచ్చి కూర్చున్నాడు. లీదియా కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఏమీ తెలియనట్టు అడిగింది.

"ఏవండీ, మీ ఆఫీసులో ఫార్మాట్ చేసేముందు ఏం చూస్తారు?"

"చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో చూస్తాం. అది మొదటి సూత్రం. అది చూడకుండా చేసేవాడు ఇంజనీరే కాదు."

"మరి చూడరూ?"

ఆయన చిన్నగా నవ్వి, ఆమె తృప్తి కోసం అన్నట్టు రిజిస్టరు వెనక్కి తిప్పాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. కాఫీ మీద మీగడ కట్టింది. బయట ఎవరో ఉల్లిపాయలమ్మా ఉల్లిపాయలని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చారు.

"ఈ పూల పేర్లు..." అన్నాడు.

లీదియా రెండో ఫ్లాపీ తీసి బల్లమీద పెట్టింది. "ప్రశాంతి ఇచ్చింది. తెలుగు అక్షరాలట. ఆ పాతది పారేయలేదు లెండి, ఇది వేరేది."

ఆయన ఎక్కించాడు. యాభై రెండో పాట తీశాడు. కొక్కేలు కరిగి కొమ్ములయ్యాయి, చుక్కలు సున్నాలయ్యాయి. పాట వచ్చి నిలబడింది. క్రిస్టోఫర్ మొహంలో పెద్ద వెలుగు. "చూశావా! అయిపోయింది! సాల్వ్డ్!"

"చాలా సంతోషమండీ. కారణం గడి నింపండి."

ఆయన పెన్ను తీశాడు. "కొన్ని ఫైళ్ళు తీసివేయబడ్డాయి" అని రాశాడు.

"ఎవరిచేత?"

"అదంతా రాయడానికి గడిలో చోటు లేదు."

"నిజమే," అంది లీదియా. "నోటితో చెబుదురు గాని. సంతకం తీసుకోవాలిగా."

అప్పుడు చూశాడాయన, ఫిర్యాదు చేసినవారి పేరు. "కొమురమ్మా? ఆమెకి దీంతో ఏం పని? నువ్వే పెట్టెయ్ సంతకం."

"ఆమెకి రాయడం రాదని నేను రాసిపెట్టాను, ఫిర్యాదు నాది కాదుగా. నియమం మీదే."

ఆ వారమంతా ముప్పై ఎనిమిదో ఫిర్యాదు తెరిచే ఉంది. తెరిచి ఉన్న ఫిర్యాదంటే క్రిస్టోఫర్‌కి అరికాల్లో ముల్లు. ఆఫీసు వరండాలో కొమురమ్మ కనిపించినప్పుడు ఒకసారి కదిపి చూశాడు. "డ్యూటీల ఉన్న సారూ, తడి నేల మీద నిలవడకుండ్రి, జారుతరు," అని ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. బుధవారం తనే పుస్తకం ప్రూఫులు ప్రశాంతి దగ్గరికి స్కూటరు మీద మోశాడు. గురువారం ఎవరూ అడక్కుండా పాత పేపర్లవాడి కోసం వీధంతా వెతికొచ్చాడు. ఆ కాయితాలు ఎప్పుడో మిఠాయి పొట్లాలైపోయి ఉంటాయి. శుక్రవారం రాత్రి అన్నం తింటూ, "కూరలో ఉప్పు సరిగ్గా ఉంది," అన్నాడు. లీదియా ఆయన నుదురు పట్టుకుని జ్వరమేమో చూసింది.

ఆదివారం రానే వచ్చింది. చర్చి ముందు షామియానా, మామిడాకులు, రంగు కాయితాల నక్షత్రాలు. పుస్తకం నీలం అట్టతో, పలచగా, అచ్చు వాసనతో ఉంది. ఆరాధన చివర కొమురమ్మ లేచి తల్లి పాట పాడింది. తప్పిపోయిన గొర్రెపిల్ల ఆఖరి చరణంలో కాపరి భుజమెక్కి ఇంటికొచ్చింది. పాస్టరుగారు పాట కింద పేర్లు పైకి చదివారు. కొమురమ్మ, తల్లి ఈశ్వరమ్మ. కొమురమ్మ చెంగు కళ్ళకద్దుకుని, పుస్తకం తెరిచి, వేలితో మొదటి గీత మీద, ఐదో గీత మీద, తొమ్మిదో గీత మీద తడిమి చూసుకుంది. కొక్కేలు మారినా పల్లవి మాత్రం ఉండాల్సిన చోటే ఉంది.

బయట టీ, కేకు ఇస్తున్నారు. క్రిస్టోఫర్ చంకలో రిజిస్టరు పెట్టుకుని వచ్చాడు. జేబులోంచి ఆఫీసు ఇంకు ప్యాడు కూడా తీశాడు. కొమురమ్మ వేలిముద్రే వేస్తుందని ముందే ఆలోచించుకున్నాడు. పద్ధతంటే పద్ధతే.

"కొమురమ్మగారూ, ఇక్కడ ఒక్క వేలిముద్ర..."

"ఏందిది సారూ? నాకేమన్న పింఛనొస్తదా?"

"కాదు. మీ పాట కంప్యూటర్లో కనిపించకుండా పోయింది కదా..."

"పోయిందా!" కొమురమ్మ చేతిలో టీ కప్పు ఆగిపోయింది. "ఎప్పుడు పోయింది? నేను సూసినగా! లీదియమ్మా, ఏందిది?"

"సారు చెబుతారు పెద్దమ్మా," అంది లీదియా కేకు ముక్క తుంచుకుంటూ. టీ కప్పులతో ప్రశాంతీ, పాస్టరుగారి భార్యా, ఇంకో నలుగురు స్త్రీల సమాజంవాళ్ళూ దగ్గరకి జరిగారు.

క్రిస్టోఫర్ గొంతు సవరించుకున్నాడు. "అంటే, సిస్టంలో కొన్ని ఫైళ్ళు... వై టూ కే సంసిద్ధతలో భాగంగా... వేగం కోసం..."

"గదంత నాకు తెల్వది సారూ. తెలుగుల జెప్పుండ్రి."

"అక్షరాల ఫైళ్ళు తీసివేయబడ్డాయి."

"వాటంతటవే తీసేసుకుంటయా? కాళ్ళున్నయా గవిటికి? మీ ఆఫీసుల చెత్త డబ్బాలకెల్లి ఒక్క కాయితం పోతెనే ఎవరు తీసిన్రని మమ్ముల నిలవెట్టి అడుగుతరు. మా అమ్మ పాట ఎవరు తీసిన్రు?"

క్రిస్టోఫర్ లీదియాకేసి చూశాడు. లీదియా పెన్ను మూత తీసి, మర్యాదగా ఆయన చేతికిచ్చింది. ఆయన రిజిస్టరు తెరిచి, ముందు పేజీలు తిప్పాడు. వాడేవారి పొరపాటు, వాడేవారి పొరపాటు, వాడేవారి పొరపాటు. తిప్పుతూ తిప్పుతూ పంతొమ్మిదో ఫిర్యాదు దగ్గర, కరెంటు పోయినదాని దగ్గర, ఒక క్షణం ఎక్కువే ఆగాడు. రిజిస్టరు మూశాడు. ఇంకు ప్యాడు జేబులో పెట్టేసుకున్నాడు. ఫిర్యాదు చేసినవారికి అర్థమయ్యే భాషలోనే, నలుగురికీ వినపడేలా చెప్పాడు.

"నేనే తీసేసిన పెద్దమ్మా. అవేంటివని లీదియాని ఒక్కమాట అడక్కుండా తీసేసి, వారం రోజులు ఆమెనే అన్నాను. తప్పు నాదే."